రిజిస్టరులో పుట్టిన పిల్లలు

2005 నాటికి మా ఆరోగ్య కేంద్రం పరిధిలో టీకాలు పడని పిల్లవాడంటూ లేడు. ఇది నా మాట కాదు, మా నెలవారీ రిపోర్టు మాట. దాని ప్రకారం మేము నూటికి నూటా ఇద్దరు పిల్లలకి టీకాలు వేశాం. ఎక్కువైన ఆ ఇద్దరూ ఎవరని ఎవరూ అడగలేదు. మా హెల్త్ సూపర్‌వైజరు హనుమంతరావు గారు ఆ అంకెని బాగా ఆలోచించి ఖాయం చేశారు.

"వంద అని రాస్తే అనుమానం వస్తుందండీ ప్రసాదరావు గారూ. తొంభై ఎనిమిదంటే మిగతా ఇద్దరి సంగతేమిటని అడుగుతారు. నూటా రెండంటే కష్టపడ్డట్టు ఉంటుంది" అనేవారు నాతో.

నేను ఆ నందిగట్టు ఆరోగ్య కేంద్రంలో ఫార్మసిస్టుని. ఏలూరు నుంచి కొల్లేరు వైపు వచ్చే బస్సు మా గేటు దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయేది. ఆపైన అన్నీ చేపల చెరువులూ, వరిచేలూ, లంక ఊళ్ళూ. టీకామందులు ఉండే ఫ్రిజ్ తాళం నా దగ్గర ఉండేది. బుధవారం పొద్దున్నే నర్సులు వరసగా వచ్చి తమ నీలం డబ్బాల్లో సీసాలూ ఐసు ప్యాకులూ పెట్టించుకుని ఊళ్ళకి బయలుదేరేవారు. వాళ్ళలో తూడులంక నర్సు సలోమి. ఇది ఆవిడ సంగతి.

సలోమిది తాడేపల్లిగూడెం దగ్గర ఒక పల్లె. తాతల నాడు దొరలు కట్టించిన చర్చి పక్కనే వాళ్ళ ఇల్లు. తల్లి యేసమ్మ మిషను ఆసుపత్రిలో ఆయాగా చేసి, తను ఎత్తిన బెడ్‌పాన్లు కూతురు ఎత్తకూడదని పట్టుబట్టి నర్సు ట్రైనింగుకి పంపింది. భర్త నెహెమ్యా ఏలూరులో డ్రిల్లు మాస్టారు. ఐదో క్లాసు చదివే కూతురు బ్లెస్సీ. తూడులంకకి వచ్చి అప్పటికే తొమ్మిదేళ్ళు. ఆవిడ రిజిస్టరు చూస్తే శుభలేఖలా ఉండేది. ఎర్రసిరాతో గీతలు, నీలంసిరాతో పేర్లు, ఒక్క కొట్టివేత ఉండేది కాదు.

మిగతా సబ్‌సెంటర్ల అంకెలు హనుమంతరావు గారి బల్ల మీద తయారయ్యేవి కానీ, సలోమి అంకె మాత్రం నిజమైనదే. జాబితాలో తొంభై ఇద్దరు పసివాళ్ళుంటే తొంభై ఇద్దరి దగ్గరికీ వెళ్ళేది. వానాకాలంలో పడవ మీద, మిగతా రోజుల్లో చెరువు గట్ల మీద నడిచి. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల బిడ్డలు కూడా కలిసి ఆవిడకి నిజంగానే వంద దాటేది. ఆ సంగతి ఆవిడ కొంచెం గర్వంగా చెప్పుకునేది కూడా. "మా తూడులంకలో ఒక్కడు తప్పిపోడండీ" అనేది. తప్పు అంకెలో లేదు, జాబితాలో ఉందని అప్పటికి ఆవిడకీ తెలియదు, నాకూ తెలియదు.

2005 జనవరి ఇరవై ఆరున ఏలూరులో ఆవిడకి ఉత్తమ నర్సుగా ప్రశంసాపత్రం ఇచ్చారు. ఇస్త్రీ చీర కట్టుకుని, పత్రం చేతిలో పట్టుకుని మధ్యాహ్నం తూడులంక దారి దగ్గర బస్సు దిగింది. దిగినచోట పట్టాభిరామయ్య గారి ఇటుకల బట్టీ ఉంది. ఏటా కార్తీకంలో ఒరిస్సా నుంచి కూలీలు కుటుంబాలతో వచ్చి, బట్టీ పక్కనే పచ్చి ఇటుకలు పేర్చి, పైన తాటాకులు కప్పుకుని, వానలు పడే దాకా అక్కడే ఉండేవారు. సలోమి ఆ బట్టీ పక్కనుంచి తొమ్మిదేళ్ళుగా నడుస్తోంది. ఇటుకలు కనబడేవి, పొగ కనబడేది, మనుషులు కూడా కనబడేవారు. వాళ్ళ పిల్లలు మటుకు కనబడలేదు. ఈ మాట ఆవిడే తర్వాత నాతో అంది.

ఆ రోజు రోడ్డు పక్కన ఒక కడుపుతో ఉన్న ఆడమనిషి, రెండేళ్ళ పిల్లవాణ్ణి ఒళ్ళో వేసుకుని కూర్చుని ఉంది. వాడు దగ్గుతున్నాడు. ఆగకుండా దగ్గి దగ్గి, ఊపిరి అందక, చివర కూత పెట్టి లోపలికి గాలి పీల్చుకుంటున్నాడు. ముఖం నల్లబడుతోంది. సలోమి ఆ కూత ట్రైనింగులో ఒకసారి విన్నది. కోరింత దగ్గు. మా రిపోర్టుల ప్రకారం అది మా దగ్గర లేదు.

పిల్లవాడి చొక్కా చెయ్యి పైకి జరిపి చూసింది. పుట్టగానే వేసే టీకా మచ్చ లేదు. ఆవిడ ప్రశంసాపత్రాన్ని చంకలో పెట్టుకుని, తల్లినీ పిల్లవాణ్ణీ ఆటో ఎక్కించి మా దగ్గరికి తీసుకొచ్చింది. డాక్టరు దుర్గాసాయి గారు చూసి, ఏలూరు పెద్దాసుపత్రికి పంపించారు. పిల్లవాడు పన్నెండు రోజులుండి బతికి వచ్చాడు. ఆ తల్లి పేరు సుబర్ణ.

మర్నాడు సలోమి బట్టీకి వెళ్ళి పిల్లల్ని వెతికింది. ఐదేళ్ళ లోపు వాళ్ళు ముప్పై ఒక్క మంది. ఒక్కరి చేతికీ మచ్చ లేదు. సాయంత్రం వచ్చి హనుమంతరావు గారికి చెప్పింది. నేను అక్కడే ఉన్నాను.

"వాళ్ళు మన పిల్లలు కారు కదమ్మా. ఒరిస్సా వాళ్ళ జాబితాలో ఉంటారు" అన్నారాయన నెమ్మదిగా. ఆయన ఎవరి మీదా గొంతు పెంచి ఎరగరు.

"ఏడాదిలో సగం ఇక్కడే ఉంటున్నారు కదండీ."

"ఇక్కడున్నప్పుడు అక్కడి నర్సు 'ఊళ్ళో లేరు' అని రాస్తుంది. మనం 'ఈ ఊరివాళ్ళు కారు' అని రాస్తాం. ఇద్దరి రిపోర్టులూ సరిగ్గానే ఉన్నాయి."

"రిపోర్టులు సరేనండీ, మరి పిల్లలు?"

"పిల్లల గురించే కదమ్మా ఈ రిపోర్టులన్నీ" అని ఆయన టీ తెప్పించారు.

సలోమి టీ తాగకుండా నా గదిలోకి వచ్చింది. జాబితాలో లేని పిల్లలకి మందు ఇచ్చే అధికారం నాకు లేదని చెప్పాను. ఆ తర్వాత నా పాతికేళ్ళ సర్వీసులో చేసిన ఒకటి రెండు మంచిపనుల్లో ఒకటి చేశాను. తట్టు టీకా సీసాలో ఐదుగురికి సరిపడా మందు ఉంటుంది. కలిపాక నాలుగు గంటల్లో వాడేయాలి, లేకపోతే పారబొయ్యాలి. తూడులంకలో బుధవారం ఇద్దరు ముగ్గురికి మించి రారు. మిగిలినది పారబోసి 'వృథా' అని రాస్తాం. మిగతా సీసాలదీ కొంచెం అటూ ఇటూగా అదే పద్ధతి. వృథా అన్న కాలమ్‌లో ఎంత రాసినా పైనుంచి ఎవరూ ఏమీ అడగరు.

"ఊళ్ళో పని పదకొండింటికి అయిపోతుంది కదండీ. వృథాని పారబొయ్యడానికి మీరు బట్టీ దాకా నడిచి వెళితే నాకేం అభ్యంతరం లేదు" అన్నాను.

అలా ఆ ఫిబ్రవరి నుంచి మా వృథా బట్టీకి నడిచి వెళ్ళడం మొదలుపెట్టింది.

మందు దొరికింది కానీ పిల్లలు దొరకలేదు. సలోమి డబ్బా తెరిచేసరికి తల్లులు పిల్లల్ని ఇటుకల వరసల వెనక్కి తీసుకుపోయేవారు. కూలీల పెద్ద దయానిధికి తెలుగు వచ్చు. అతను దాచుకోకుండా చెప్పాడు.

"సూదంటే భయం కాదమ్మా. రెండేళ్ళ కిందట వేరే బట్టీలో ఎవరో వేశారు. పిల్లలకి రెండు రోజులు జ్వరం. తల్లి పిల్లని ఎత్తుకుని కూర్చుంటే ఇటుక కొయ్యడానికి మనిషి ఉండదు. జత విరిగిపోతుంది. మొగుడొక్కడూ ఏం కోస్తాడు?"

సలోమి పట్టాభిరామయ్య గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన కుర్చీ తెప్పించి, తనే తుడిచి, కూర్చోబెట్టారు.

"మీది చాలా గొప్ప సేవండీ నర్సమ్మ గారూ. సూది వెయ్యండి, నేను కాదనను. కాకపోతే జ్వరం రాని సూది ఉంటే చూడండి. లేదంటే వానలు పడ్డాక వెయ్యండి."

"వానలు పడితే వాళ్ళు వెళ్ళిపోతారు కదండీ."

"అవునండీ" అన్నారాయన ఎంతో సానుభూతిగా.

సలోమి సుబర్ణని పట్టుకుని నాలుగు ఒరియా మాటలు నేర్చుకుంది. ఛువా అంటే బిడ్డ, ఛుంచి అంటే సూది, జర అంటే జ్వరం. ఒక బుధవారం మా వరండాలో నిలబడి, "ఛువాకి జర వస్తే ఒక రోజే" అని గట్టిగా వల్లిస్తుంటే హనుమంతరావు గారు అది తెలుగు జర అనుకుని, పసిపిల్లలకి ముసలితనం ఎందుకు వస్తుందమ్మా అని నిజంగానే కంగారుపడ్డారు.

మే నెలాఖరుకి ముప్పై ఒక్కమందిలో పదకొండు మంది ఒక్కొక్క సూది వేయించుకున్నారు. జూన్‌లో అందరూ రైలెక్కి వెళ్ళిపోయారు. కాగితం మీద ఆ పదకొండు మందీ వృథా.

నవంబరులో మళ్ళీ వచ్చారు. సుబర్ణ చంకలో ఐదు నెలల ఆడపిల్ల ఉంది. పేరు ఫూల్మతి. సలోమిని చూసి సుబర్ణే పిల్ల చెయ్యి ముందుకు చాపింది. దగ్గు పిల్లవాడి తల్లి కాబట్టి ఆ మనిషి మాట మిగతా తల్లులు కొంత విన్నారు. సంక్రాంతి వెళ్ళేసరికి ఏడాది లోపు పిల్లలూ, అటూ ఇటూగా ఉన్నవాళ్ళూ కలిపి ఇరవై తొమ్మిది మందికి టీకాలు మొదలయ్యాయి.

అప్పుడు సలోమి ఒక పొరపాటు చేసింది. వాళ్ళందరి పేర్లూ రిజిస్టరులో ఎక్కించింది.

"ఎందుకండీ? వృథాలోనే పోనివ్వకపోయారా" అన్నాను.

"వృథాకి రెండో డోసు ఎప్పుడో ఎలా తెలుస్తుందండీ? పేరుండాలి, తేదీ ఉండాలి" అంది ఆవిడ, ఎర్రసిరాతో గీత గీస్తూ.

నెల తిరిగేసరికి పైనుంచి మెమో వచ్చింది. తూడులంక టార్గెట్ తొంభై రెండు. టీకాలు వేసినది నూట ఇరవై ఒక్కమందికి. నూటికి నూట ముప్పై ఒకటి ఎలా సాధ్యం? అదనంగా చూపిన ఇరవై తొమ్మిది మంది పిల్లలు ఎక్కడినుంచి వచ్చారో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలసింది. సలోమి తెల్లకాగితం తీసుకుని, "వాళ్ళ తల్లుల దగ్గర నుంచి వచ్చారు" అని ఒక్క వాక్యం రాసింది. నేను ఆ కాగితం తీసుకుని జేబులో పెట్టుకుని, గౌరవప్రదంగా ఉండే నాలుగు వాక్యాలు రాసిచ్చాను.

హనుమంతరావు గారికి నిజంగా బాధ కలిగింది. "నూటా ఐదు దాకా అయితే నేను చూసుకునేవాణ్ణి కదమ్మా. ఈ ఇరవై తొమ్మిదీ కొట్టెయ్యి."

"వేసిన టీకాని ఎలా కొట్టెయ్యనండీ?"

"పోనీలే. రిజిస్టరు నాకివ్వు. నేను సర్దుతాను."

ఆయన ఆదివారం ఇంట్లో కూర్చుని సర్దారు. పిల్లల్ని కొట్టెయ్యలేదు. తూడులంక ఇళ్ళ జాబితా దగ్గర పెట్టుకుని, ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క పిల్లనో పిల్లవాణ్ణో ఇచ్చారు. అలా జాబితాలో పిల్లలు నూట ఇరవై ఒక్కమంది అయ్యారు, టీకాలూ నూట ఇరవై ఒకటే. సరిగ్గా నూటికి వంద. సోమవారం నాకు తెచ్చి చూపించారు. నేను పేజీ తిప్పుతూ ఒకచోట ఆగాను.

"ఈ వెంకటనరసమ్మ గారికి అరవై రెండేళ్ళండీ. మోకాళ్ళ నొప్పులకి మాత్రలు పట్టుకెళతారు."

"రిజిస్టరులో తల్లి వయసుకి కాలమ్ లేదండీ" అని ఆయన పుస్తకం మూసి బీరువాలో పెట్టారు. నేను ఆ సంగతి సలోమికి చెప్పలేదు. రిజిస్టరు అక్కడ ఉన్నన్నాళ్ళూ ఆవిడ తన నోటుబుక్కులోనే రాసుకుంది.

ఆ మార్చిలో కొల్లేరులో ఆక్రమణ చేపల చెరువుల గట్లు ప్రభుత్వం వాళ్ళు కొట్టేస్తున్నారు. ఎక్కడ చూసినా పొక్లెయిన్లూ, పోలీసులూ, గట్ల మీద కూర్చున్న జనమూ. ఇంత గొడవలో మా దగ్గరికి ఎవరొస్తారని మేము నిబ్బరంగా ఉంటే, టీకాలు నిజంగా పడ్డాయో లేదో చూడటానికి పైనుంచి డాక్టర్ కుసుమ అనే ఆవిడ జీపులో దిగింది. సన్నగా, ముభావంగా ఉంది. హనుమంతరావు గారు కొబ్బరిబొండాలు కొట్టించి, దగ్గరున్న నాలుగు ఇళ్ళు చూపిస్తామన్నారు. ఆవిడ తూడులంక రిజిస్టరు తెరిచి, తన చీటీలో ఉన్న ఒక నంబరు చూసుకుని, వేలు పెట్టింది.

"ఈ ఇంటికి వెళదామండీ. పాప పేరు ఫూల్మతి, తొమ్మిదో నెల. తల్లి పేరు వెంకటనరసమ్మ."

తూడులంక నర్సుగా సలోమి, మందులు ఇచ్చినవాడిగా నేను, సూపర్‌వైజరుగా హనుమంతరావు గారు ఆవిడ వెనకాల నడిచాం. వెంకటనరసమ్మ గారు అరుగు మీద కూర్చుని మినుములు చెరుగుతున్నారు.

"మీ పాప ఏదండీ?" అని అడిగింది కుసుమ గారు.

"ఏ పాపండీ?"

"ఫూల్మతి అండీ. తొమ్మిదో నెల."

వెంకటనరసమ్మ గారు చేట కిందపెట్టి మమ్మల్ని ఒక్కొక్కరినీ చూశారు. "మా ఆయన పోయి పదకొండేళ్ళయిందండీ" అన్నారు.

హనుమంతరావు గారు తల పైకెత్తి కొబ్బరిచెట్టు మొవ్వు వైపు చూస్తున్నారు.

"ఇదిగో, పుస్తకంలో రాసి ఉందండీ" అని కుసుమ గారు పేజీ చూపించింది.

"నాకు తెలీకుండా నాకు పిల్ల పుట్టిందన్నమాటండీ. సరే, పుడితే పుట్టింది. ఇంతకీ పిల్లేదండీ?"

సలోమి అప్పుడే ఆ పేజీ చూసింది. తన రాత కాదు. ఎవరి రాతో చూడగానే తెలిసిపోయింది. ఆవిడ ముఖం ఎర్రబడింది. కానీ గొంతు మామూలుగానే ఉంది.

"పిల్ల ఉందండీ. ఇటుకల బట్టీ దగ్గర ఉంది. తల్లి వేరే ఆవిడ. టీకాలు మాత్రం నేనే వేశానండీ. అన్నీ నా సొంత నోటుబుక్కులో తేదీలతో రాసుకున్నాను."

"పదండి" అంది కుసుమ గారు.

వెంకటనరసమ్మ గారు కూడా చెప్పులేసుకున్నారు. "నా పిల్లంటున్నారు. నేను చూడొద్దా అండీ" అన్నారు.

ఫూల్మతి టార్పాలిన్ నీడలో చీర ఉయ్యాల్లో నిద్రపోతోంది. కుసుమ గారు చెయ్యి జరిపి మచ్చ చూసింది. తర్వాత మిగతా పిల్లల్ని పిలిపించి, నోటుబుక్కు పట్టుకుని ఒక్కొక్కరినీ పోల్చి చూసింది. ఇరవై తొమ్మిది మందీ లెక్కకి వచ్చారు. సుబర్ణ మట్టిచేతులతో వచ్చి నిలబడింది. ఆ బట్టీలో ఇంకా ఐదుగురు పిల్లలు సూది వేయించుకోలేదని, వాళ్ళ తల్లులు రోజు పోతుందని ఒప్పుకోవడం లేదని సలోమి చెప్పింది.

వెంకటనరసమ్మ గారు అంతా విన్నారు. "అంతేనా? జ్వరమొచ్చిన రోజు పిల్లల్ని మా అరుగు మీద పడుకోబెట్టండి. సాయంత్రం దాకా నేను చూస్తాను. నాకేం పనుందండీ, మినుములు చెరగడమే కదా" అన్నారు. దయానిధి ఆ మాట ఒరియాలో చెప్పాడు. సుబర్ణ ఉయ్యాల్లోంచి ఫూల్మతిని తీసి ఆవిడ చేతికిచ్చింది.

కుసుమ గారు అక్కడితో ఆగలేదు. కాలవ అవతల కనబడుతున్న ఇంకో బట్టీ ఎవరిదని అడిగింది. అది తూడులంక హద్దు బయట ఉంది. ఏ సబ్‌సెంటరు హద్దులోనూ లేదు, రెండు హద్దుల మధ్య పడింది. వెళ్ళి చూస్తే గుడిసెల్లో పిల్లలు ఎర్రటి ఒళ్ళుతో, చీమిడి కళ్ళతో పడుకుని ఉన్నారు. తట్టు. పదిహేను మంది దాకా ఉన్నారు. అంతకు ముందు వారం ఇద్దరు పోయారని వాళ్ళ పెద్ద చెప్పాడు. కాలవ గట్టున పూడ్చిన చోటు కూడా చూపించాడు.

"తట్టు మరణాలు లేవని రిపోర్టులో ఉంది" అంది కుసుమ గారు.

"పోయినవాళ్ళ శాశ్వత చిరునామా మన జిల్లా కాదండీ" అన్నారు హనుమంతరావు గారు, ఎంతో మృదువుగా.

ఆవిడ అక్కడే పచ్చి ఇటుకల మీద కూర్చుని చాలాసేపు రాసుకుంది. సలోమి డబ్బాలో ఉన్న విటమిన్ మందు పిల్లలకి పోసి, ఇద్దర్ని ఆటోలో ఏలూరు పంపించింది. వాళ్ళు కోలుకున్నారు.

ఆ తర్వాత జరగవలసినవన్నీ జరిగాయి. వలస పిల్లల టీకాల వారం అని బ్యానరు కట్టారు. పట్టాభిరామయ్య గారి బట్టీ దగ్గరే సభ. తల్లుల్ని పది గంటలకి కూర్చోబెట్టారు, వక్తలు ఒంటిగంటకి వచ్చారు. పట్టాభిరామయ్య గారికి దండ వేశారు. హనుమంతరావు గారు మైకు పట్టుకుని, వలస కూలీల పిల్లలు కూడా మన పిల్లలేనని తాను మొదటినుంచీ అంటూనే ఉన్నానని చెప్పారు. తెలుగులో చెప్పారు కాబట్టి తల్లులెవరికీ అర్థం కాలేదు, చప్పట్లు కొట్టారు. సలోమి సభలో లేదు. కాలవ అవతలి బట్టీలో టీకాలు వేస్తోంది.

అదే వారంలో ఆవిడకి రెండో మెమో వచ్చింది. రిజిస్టరులో తప్పుడు తల్లుల పేర్లు రాసినందుకు. రిజిస్టరు ఎవరి పేరున ఉంటే బాధ్యత వాళ్ళదే.

ఆవిడ ఆ కాగితం పట్టుకుని నా గదికి వచ్చింది. "ఆ రాత ఎవరిదో మీకు తెలుసు కదండీ?"

"తెలుసండీ."

నేను ఇంకేదో చెబుతానని ఆగింది. నేను ఐసు ప్యాకులు లెక్కపెడుతూ ఉండిపోయాను. రిటైరై ఇంట్లో కూర్చున్నాక నాకు జ్ఞాపకం వచ్చేవి ఎక్కువగా ఇలాంటివే.

నేను చెయ్యని పని వెంకటనరసమ్మ గారు చేశారు. మోకాళ్ళ మాత్రలకి వచ్చి, మెమో సంగతి ఆయా నోట విని, తిన్నగా డాక్టరు గారి గదిలోకి వెళ్ళారు. దుర్గాసాయి గారు అప్పుడు పై చదువు పరీక్షకి చదువుకుంటున్నారు. ఆయన ఓ.పి. చూసేది కూడా పుస్తకం పక్కన పెట్టుకునే.

"డాక్టరు గారండీ, ఆ ఫూల్మతి నా పిల్లేనండీ. నర్సమ్మ తప్పు రాయలేదు."

"మీ పిల్లెలా అవుతుందండీ?"

"మా అరుగు మీద పడుకుంది. ఇందాకే గంజి పోసి వచ్చాను. కావలిస్తే మీరొచ్చి చూసుకోండి."

దుర్గాసాయి గారు పుస్తకం మూసి నిజంగానే వెళ్ళి చూశారు. అరుగు మీద ముగ్గురు పిల్లలు పడుకుని ఉన్నారట. ఇద్దరికి వెచ్చగా ఉందట, మూడోది ఫూల్మతి. దానికి ఏమీ లేదు, ఊరికే వచ్చింది. ఆయన వెనక్కి వచ్చి మెమోకి తానే జవాబు రాశారు. సదరు పిల్లల్ని గ్రామస్థులు పగటిపూట సంరక్షిస్తున్నందున వారి పేర్లు ఆ కుటుంబాల కింద నమోదైనట్లు గమనించడమైనది అని. అది పూర్తిగా అబద్ధం కాకుండా ఆ అరుగు కాపాడింది. మెమో అక్కడితో ఆగింది.

కథ ఊళ్ళో పాకి, తక్కిన తల్లులు కూడా తమ పిల్లలెవరో చూసుకోవడానికి బయలుదేరారు. కొందరు నవ్వుకున్నారు. పెళ్ళై నాలుగు నెలలు కూడా కాని కనకరత్నం అనే అమ్మాయికి హనుమంతరావు గారు కవలల్ని రాసి ఉండటంతో వాళ్ళ అత్తగారు ఆరోగ్య కేంద్రానికి వచ్చి గంటసేపు మాట్లాడి వెళ్ళింది. ఆ గంటా హనుమంతరావు గారు ఫీల్డులో ఉన్నారు. కానీ ఆ కనకరత్నమే తర్వాత బుధవారాలు వెంకటనరసమ్మ గారి అరుగు మీదికి వచ్చి, తడిగుడ్డతో పిల్లల ఒళ్ళు తుడిచేది. మే నెలకి బట్టీలో ఒక్కరు మిగలకుండా అందరికీ టీకాలు పడ్డాయి. కాలవ అవతలి బట్టీ తల్లులని పిలవనక్కరలేకపోయింది. వాళ్ళే కాలవ దాటి వచ్చారు. పట్టాభిరామయ్య గారు తోటి బట్టీల వాళ్ళ దగ్గర, "మా దగ్గర జ్వరానికి పని ఆగదండీ, అరుగు ఉంది" అని చెప్పుకోవడం నేను విన్నాను.

ఆ నవంబరులో ఫూల్మతి నడుచుకుంటూ దిగింది. సుబర్ణ నవ్వుతూ చెప్పిన సంగతి దయానిధి తెలుగు చేశాడు. వాళ్ళ ఊరి నర్సుకి సలోమి ఇచ్చిన టీకాల కార్డు చూపిస్తే, తెలుగు చదవలేక, ఏమీ వెయ్యలేదనుకుని అన్ని సూదులూ మళ్ళీ మొదటినుంచి వేసిందట. సలోమి తల పట్టుకుంది. ఆ తర్వాత ఒక సాయంత్రం దయానిధిని కూర్చోబెట్టి, ప్రతి కార్డు వెనకా ఒరియాలో రాయించింది. అతని రాత కోడి కెలికినట్టు ఉండేది. మరుసటి ఏడాది ఎవరికీ రెండుసార్లు పడలేదు.

పైవాళ్ళు ఊరుకోలేదు. వలస పిల్లలు ఉన్నారని ఒప్పుకున్నాక వాళ్ళకీ టార్గెట్ ఇచ్చారు. తూడులంకకి నూట యాభై. రెండు బట్టీల్లోనూ కలిపి ఉన్నది అరవై ముగ్గురు. అరవై ముగ్గురికీ సలోమి టీకాలు వేసింది. నూటికి నలభై రెండు. పని వెనకబడినందుకు మూడో మెమో. ఈసారి ఆవిడ తన జవాబు తనే రాసింది, నాకు చూపించలేదు. హనుమంతరావు గారికి మాత్రం పదోన్నతి వచ్చింది. వలస కుటుంబాలని గుర్తించడం ఎలాగో మిగతా మండలాల వాళ్ళకి శిక్షణ ఇచ్చే పని.

2009 జూన్‌లో సలోమికి భీమవరం దగ్గరున్న ఉండి వైపు బదిలీ అయింది. ఆర్డరు మంగళవారం వచ్చింది. గురువారం చేరాలి. మధ్యలో బుధవారం ఉంది కాబట్టి ఆవిడ మామూలుగానే పొద్దున్నే వచ్చి నాలుగు ఐసు ప్యాకులు అడిగింది. వానలు రాలేదు, బట్టీలో ఇంకా ఐదారు కుటుంబాలున్నాయి. రెండు గంటల దాకా టీకాలు వేసి, ఖాళీ డబ్బా తెచ్చి నాకు అప్పగించి, సంతకం పెట్టింది. కొత్తగా వచ్చే నర్సుకి వెంకటనరసమ్మ గారిల్లు చూపించమని చెప్పింది. మూడింటి బస్సుకి ఏలూరు మీదుగా భీమవరం వెళ్ళిపోయింది.